సంఖ్యా రేఖ మీద బిందువులు: డేటా సఫిషియెన్సీ లెక్కలు చేసే పద్ధతి, మొదటి నుంచి

ఊరి నుంచి వస్తున్న మనిషిని తీసుకురావడానికి కావలి స్టేషన్‌కి వెళ్లినవాళ్లకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. ఫోన్ చేసి "ఎక్కడున్నావ్?" అని అడిగితే, "కావలి ఇంకో ఇరవై కిలోమీటర్లు ఉంటది" అంటారు. దూరం చెప్పారు. కానీ నెల్లూరు నుంచి వస్తూ బిట్రగుంట దగ్గరున్నారా, ఒంగోలు నుంచి వస్తూ ఉలవపాడు దాటారా అన్నది ఆ మాటలో లేదు. ఏ ప్లాట్‌ఫామ్ మీద నిలబడాలో తెలియాలంటే ఇంకో మాట అడగాల్సిందే.

సంఖ్యా రేఖ మీద వచ్చే డేటా సఫిషియెన్సీ లెక్కలన్నీ ఈ ఫోన్ లాంటివే. ఒక ప్రశ్న, దాని కింద (1), (2) అని రెండు వాక్యాలు ఇస్తారు. మనకు చెప్పిన ఆ మాటతో పని జరుగుతుందా, జరగదా? అంతవరకే అడుగుతారు.

ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు ఐసెట్ రాసేవాళ్లకు ఇవి చాలా ముఖ్యం. మొత్తం 200 ప్రశ్నల్లో 20 డేటా సఫిషియెన్సీ నుంచే వస్తాయి. తెలుగు పుస్తకాల్లో దీన్నే దత్తాంశ పర్యాప్తత అంటారు. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలంటే సగటున ఒక్కోదానికి 45 సెకన్లు. బిజినెస్ స్కూళ్లలో చేరడానికి రాసే జీమ్యాట్‌లో ఇప్పుడు ఇవి డేటా ఇన్‌సైట్స్ అనే విభాగంలో వస్తున్నాయి. అక్కడ 45 నిమిషాలకు 20 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి రెండుంపావు నిమిషాలు. బ్యాంకు పీవో పరీక్షల్లోనూ ఈ తరహా ప్రశ్నలు కనిపిస్తాయి. ఏ పరీక్షకైనా పద్ధతి ఒకటే. ఆప్షన్ల వరస మాత్రం మారుతుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

అసలు పేపర్లో బిందువులకు ఇంగ్లీషు అక్షరాలు పెడతారు. ఇక్కడ క, గ, చ అని రాస్తున్నాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి.

అందరూ తప్పు చేసే లెక్క

సంఖ్యా రేఖ మీద క, గ, చ మూడు బిందువులు. క నుంచి చ కి దూరం ఎంత?
(1) క కి, గ కి మధ్య దూరం 5.
(2) గ కి, చ కి మధ్య దూరం 8.

ఒంగోలులో మా ఇంటి వరండాలో ఐసెట్‌కి చదువుకునే పిల్లలకు ప్రతి వేసవిలో నేను మొదట ఇచ్చే లెక్క ఇది. ఒకమ్మాయి పది సెకన్లలో "రెండూ కలిపితే సరిపోతుంది సార్, పదమూడు" అంది. నోట్సులో గీత నీటుగా గీసింది. ఎడమ చివర క, మధ్యలో గ, కుడి చివర చ.

"గ ని మధ్యలో ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగాను.

"అట్టా వరసలోనే ఇచ్చారు గదా సార్" అంది.

ప్రశ్నను మళ్లీ చదవమన్నాను. రెండోసారి చదివేటప్పుడు "మూడు బిందువులు" అన్న మాట దగ్గర ఆగింది. పెన్సిలు మొన గ మీద పెట్టి కాసేపు అట్లానే ఉంది. తర్వాత చ ని చెరిపేసి, గ కి ఎడమవైపు 8 గళ్లు లెక్కపెట్టి, క ని దాటించి అవతల పెట్టింది. దూరం 3 వచ్చింది. 13 కూడా కుదురుతుంది, 3 కూడా కుదురుతుంది. అంటే రెండు వాక్యాలూ కలిపినా చాలవు.

అక్షరాలు చెప్పిన వరసకీ, గీత మీద అవి ఉన్న వరసకీ సంబంధం లేదు. "క, గ, చ ఎడమ నుంచి కుడికి ఈ క్రమంలో ఉన్నాయి" అని ప్రశ్నలో రాసి ఉంటేనో, క < గ < చ అని ఇస్తేనో, లేదా బొమ్మ గీసి చూపిస్తేనో ఆ వరస మనది. బొమ్మ ఇచ్చినా అందులో వరసను తీసుకోండి, దూరాలను కంటితో కొలవకండి. బొమ్మలో దగ్గరగా కనపడే రెండు బిందువుల మధ్య వంద ఉండొచ్చు.

ఈ లెక్కలన్నిటికీ నేను చెప్పే పద్ధతి ఆ అమ్మాయి చెరిపిన ఆ ఒక్క చుక్కలోనే ఉంది. ఇచ్చిన మాటను తప్పకుండానే రెండు వేర్వేరు బొమ్మలు గీయడానికి గట్టిగా ప్రయత్నించండి. రెండు బొమ్మల్లో రెండు జవాబులు వస్తే ఆ సమాచారం చాలదు. ఎంత ప్రయత్నించినా ఒకే జవాబు వస్తూ ఉంటే, ఎందుకు వస్తోందో చూసుకుని, చాలుతుందని రాయండి.

అడుగులు

మొదట ప్రశ్న ఏ రకమో చూడాలి. "ఎంత?" అని అడిగితే ఒకే ఒక్క విలువ రావాలి. "అవునా, కాదా?" అని అడిగితే ఎప్పుడూ అవును రావాలి, లేదా ఎప్పుడూ కాదు రావాలి. ఈ రెండో రకం దగ్గర చాలామంది జారిపోతారు. "క అనేది 5 కన్నా పెద్దదా?" అని అడిగి, వాక్యంలో "క రుణ సంఖ్య" అని ఇచ్చారనుకోండి. జవాబు కచ్చితంగా "కాదు". కచ్చితమైన "కాదు" కూడా సమాధానమే, కాబట్టి ఆ వాక్యం సరిపోతుంది. "కాదు" రాగానే "చాలదు" అని టిక్కు పెట్టి మార్కు పోగొట్టుకున్న పిల్లలను ఎంతమందిని చూశానో.

తర్వాత ఖాళీ గీత గీయండి. దాని మీద సున్నా పెట్టకండి. సున్నా ఎక్కడుందో ప్రశ్న చెప్పేదాకా మనకు తెలియదు. మనం గీసే ప్రతి గీత మధ్యలో సున్నా పెట్టడం ఆరో తరగతి నుంచి చేతికి అలవాటైపోయింది. ఇక్కడ ఆ అలవాటు ముంచుతుంది.

ఇప్పుడు (1) ఒక్కదాన్నే తీసుకుని రెండు బొమ్మలకు ప్రయత్నించండి. అయ్యాక పలక తుడిచినట్టు దాన్ని బుర్రలోంచి తుడిచేసి, (2) ని కొత్తగా చూడండి. చెప్పినంత తేలిక కాదిది. (1) లో "క ధన సంఖ్య" అని చదివాక, (2) చూసేటప్పుడు కూడా క ని సున్నాకు కుడివైపే పెడుతుంటాం. అందుకే (2) కి వేరే గీత గీయమంటాను, (1) కోసం గీసిన దాని మీదే గీయొద్దు. రెండూ విడివిడిగా ఓడిపోతేనే కలిపి చూడాలి. ఏ ఒక్కటి చాలినా కలిపే పనే లేదు.

సున్నాకు ఎవరు దగ్గర?

క < గ. క కన్నా గ సున్నాకు ఎక్కువ దూరంలో ఉందా?
(1) క + గ > 0
(2) గ > 0

ఈ లెక్క నాకు చాలా ఇష్టం, కాస్త నిదానంగా చూద్దాం.

(2) తేలిక. గ = 3 అనుకోండి. క = 1 అయితే గ దూరం, అవును. క = −10 అయితే క యే దూరం, కాదు. రెండు బొమ్మలు, రెండు జవాబులు. చాలదు.

(1) దగ్గర అంకెలు వేసి చూస్తే (1, 3), (−2, 3), (−9, 10) అన్నిటికీ "అవును" వస్తుంది. కానీ మూడు అంకెలు వేసి వదిలేస్తే నమ్మకం కుదరదు. కారణం బొమ్మలో ఉంది. రెండు సంఖ్యల మొత్తంలో సగం అంటే వాటి నట్టనడిమి బిందువు. మొత్తం సున్నా కన్నా ఎక్కువంటే ఆ నడిమి బిందువు సున్నాకు కుడివైపున ఉంది. అంటే సున్నా నడిమికి ఎడమవైపున, క ఉన్న వైపు ఉంది. క వైపున్న ఏ బిందువుకైనా క యే దగ్గర, గ దూరం. ఇక రెండో బొమ్మకు చోటే లేదు. (1) ఒక్కటే చాలు.

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా రైలు దారిని గీతగా తీసుకోండి. నెల్లూరు నుంచి కావలి సుమారు 50 కిలోమీటర్లు, కావలి నుంచి ఒంగోలు సుమారు 65. నట్టనడుమ కావలి దాటి కొంత దూరంలో పడుతుంది. కాబట్టి కావలి నెల్లూరు వైపు సగంలో ఉంది, నెల్లూరుకే దగ్గర. కావలి చోట సున్నా పెట్టి చూస్తే నెల్లూరు −50, ఒంగోలు +65, మొత్తం +15. పైన చేసింది సరిగ్గా ఇదే.

"మొత్తం" కనపడితే నడిమి బిందువు గుర్తుకు రావాలి. "తేడా" కనపడితే దూరం గుర్తుకు రావాలి. ఈ రెండూ వేర్వేరు పనులు చేస్తాయి. ఈ లెక్కలో చూడండి:

సమాన దూరంలో ఐదు బిందువులు క, గ, చ, ట, త ఎడమ నుంచి కుడికి ఉన్నాయి. చ విలువ ఎంత?
(1) త − క = 16
(2) క + త = 14

(1) తో ఒక్కో గడి 4 అని తెలిసింది. కానీ ఆ ఐదు చుక్కలనూ కలిపి గీత మీద ఎటైనా జరపొచ్చు. చ విలువ 0 కావచ్చు, 100 కావచ్చు. (2) తో గడి ఎంతో తెలియదు, చుక్కలు దగ్గరవచ్చు, ఎడం కావచ్చు. అయినా నడుమ మాత్రం 7 దగ్గర మేకు కొట్టినట్టు నిలిచిపోతుంది. చ యే ఆ నడుమ. కాబట్టి (2) ఒక్కటే చాలు. అడిగింది గ విలువ అయ్యుంటే రెండూ కావాల్సి వచ్చేవి: 7 − 4 = 3.

మాడ్యులస్ అంటే పలుపు

|క − 3| = 4 అని చూడగానే పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది. నిలువు గీతలు చూసి భయపడక్కర్లేదు. దాన్ని "క కి, 3 కి మధ్య దూరం 4" అని తెలుగులో చదవండి. |క + 2| ఉంటే "క కి, −2 కి మధ్య దూరం". |క| ఒక్కటే ఉంటే "సున్నా నుంచి దూరం". ఈ మూడు వాక్యాలూ నోటికి వస్తే సగం పని అయిపోయినట్టే.

పొలం గట్టు మీద గుంజ పాతి ఆవును పలుపుతో కట్టేస్తాం కదా. గట్టు సన్నం, ఆవు ఇటైనా మేస్తుంది, అటైనా మేస్తుంది, పలుపు దాటి పోలేదు. |క − చ| < 10 అంటే గుంజ క దగ్గర ఉంది, పలుపు పొడవు 10, చ అనే ఆవు ఆ లోపల ఎక్కడైనా ఉండొచ్చు. ఇప్పుడు ఈ లెక్క:

చ అనేది క కి, గ కి మధ్యలో ఉందా?
(1) క–చ దూరం, క–గ దూరం కన్నా తక్కువ.
(2) గ–చ దూరం, క–గ దూరం కన్నా తక్కువ.

క = 0, గ = 10 అనుకుందాం. (1) ప్రకారం గుంజ 0 దగ్గర, పలుపు 10. ఆవు −10 నుంచి 10 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 4 దగ్గరుంటే మధ్యలో ఉంది, −4 దగ్గరుంటే లేదు. చాలదు. (2) ప్రకారం గుంజ 10 దగ్గర, ఆవు 0 నుంచి 20 దాకా. మళ్లీ అదే కథ, చాలదు. ఇప్పుడు ఒకే ఆవుకు రెండు గుంజల నుంచీ పలుపు వేశారనుకోండి. రెండు పలుపులూ అందే చోటు ఎక్కడ? 0 కి, 10 కి మధ్యన మాత్రమే. కాబట్టి రెండూ కలిపితే చాలు. గ ని క కి ఎడమవైపు పెట్టి చూసినా ఇదే వస్తుంది, ఒకసారి గీసి చూడండి.

విలువ అడిగే లెక్కల్లోనూ పలుపు పని చేస్తుంది. క విలువ ఎంత? (1) |క − 3| = 4. (2) |క − 5| = 2. మొదటిది −1, 7 ఇస్తుంది. రెండోది 3, 7 ఇస్తుంది. రెండింటిలోనూ ఉన్నది 7 ఒక్కటే, కలిపితే చాలు. కానీ (2) చోట (క − 3)² = 16 అని ఇచ్చి ఉంటే? వేషం వేరు, మనిషి అదే. వర్గమూలం తీస్తే |క − 3| = 4 యే. రెండు వాక్యాలూ ఒకే మాట చెబుతుంటే కలపడం వల్ల వచ్చేదేమీ ఉండదు, చాలదు. "విడివిడిగా చాలలేదు కాబట్టి కలిపితే చాలుతుందిలే" అని ఊహించి టిక్కు పెట్టకండి. కలిపినప్పుడు కూడా రెండు బొమ్మల ప్రయత్నం మొదటి నుంచి చేయాలి.

గుర్తుల లెక్కలు, భిన్నాల లెక్కలు

క < గ < చ. గ ధన సంఖ్యేనా? (1) క × గ × చ < 0. (2) క × చ < 0.

గుణకారం రుణం అంటే రుణ సంఖ్యలు బేసి లెక్కలో ఉండాలి. (1) లో ఒక్కటే రుణం కావచ్చు, అప్పుడు అది ఎడమ చివరి క, గ ధనం. మూడూ రుణం కావచ్చు, అప్పుడు గ రుణం. చాలదు. (2) లో క, చ సున్నాకు అటొకటి ఇటొకటి, మధ్యలో గ ఎటైనా ఉండొచ్చు. చాలదు. కలిపితే క రుణం, చ ధనం, మూడింటి లబ్ధం రుణం కావాలంటే గ ధనం కావాల్సిందే. కలిపితే చాలు.

భిన్నాల సంగతి. "సంఖ్య" అన్నారు గానీ "పూర్ణాంకం" అనలేదంటే భిన్నాలను మరిచిపోకూడదు. నేను గీత పక్కన ఎప్పుడూ ఐదు అంకెలు రాసి పెట్టుకోమంటాను: −2, −½, 0, ½, 2. గీత మీద ఒక్కో పేట నుంచి ఒక్కో మనిషిని పిలిచినట్టు. క > క² అవుతుందా అని అడిగి, (1) క > 0, (2) క < 1 అని ఇస్తే, ఈ ఐదింటిని వేసి చూడండి. (1) లో ½ కి అవును, 2 కి కాదు. (2) లో ½ కి అవును, −2 కి కాదు. కలిపితే 0 కి, 1 కి మధ్య సంఖ్యలే మిగిలాయి. వాటిని వర్గం చేస్తే చిన్నవవుతాయి, కాబట్టి ఎప్పుడూ అవును.

ఆప్షన్ల దగ్గర జాగ్రత్త

లెక్కంతా సరిగ్గా చేసి ఆప్షన్ తప్పు పెట్టిన పేపర్లు నా దగ్గర చాలానే ఉన్నాయి. జీమ్యాట్‌లో ఐదు ఆప్షన్లూ ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయి: ఏ అంటే మొదటిది ఒక్కటే చాలు, బీ అంటే రెండోది ఒక్కటే చాలు, సీ అంటే రెండూ కలిపితేనే చాలు, డీ అంటే ఏదైనా విడిగానే చాలు, ఈ అంటే కలిపినా చాలదు. బ్యాంకు పరీక్షల్లో తరచూ మూడోది "ఏదైనా ఒక్కటి చాలు", నాలుగోది "కలిపినా చాలదు", ఐదోది "రెండూ కావాలి" అని వస్తుంది. ఐసెట్‌లో ఉండేవే నాలుగు ఆప్షన్లు. ఒకే పుస్తకంతో రెండు పరీక్షలకు చదివేవాళ్లు పరీక్ష రోజు సూచనను ఒక్కసారి పూర్తిగా చదవండి. పది సెకన్లు పట్టే పని, ఇరవై మార్కులు దాని మీద ఉన్నాయి. ఐసెట్‌లో రుణాత్మక మార్కులు లేవు, ఏదీ ఖాళీగా వదలకండి.

వాక్యాలు చూసే క్రమం గురించి ఒక మాట. (1) తేలకపోతే అక్కడే కూర్చోకండి, (2) కి వెళ్లండి. (2) చాలదని తేలితే జీమ్యాట్‌లో బీ, డీ రెండూ పోతాయి. చాలుతుందని తేలితే ఏ, సీ, ఈ మూడూ పోతాయి. తేలికైన వాక్యంతో మొదలుపెట్టడం తప్పేమీ కాదు.

మీరు చేయాల్సిన లెక్క

క, గ సున్నా కాని సంఖ్యలు, క < గ. సున్నా ఈ రెండింటి మధ్యలో ఉందా?
(1) |క| = |గ|
(2) |క − గ| = |క| + |గ|

కాగితం మీద చేశాకే కిందికి రండి.

(1) తెలుగులో చదవండి: రెండూ సున్నా నుంచి సమాన దూరంలో ఉన్నాయి. ఒకే వైపు సమాన దూరంలో ఉంటే రెండూ ఒకే బిందువు అయిపోవాలి. కానీ క < గ అన్నారు, ఒకటే కావడానికి వీల్లేదు. కాబట్టి అటొకటి ఇటొకటి. మధ్యలో సున్నా. చాలు.

(2) తెలుగులో: క నుంచి గ కి దూరమూ, క నుంచి సున్నాకు వెళ్లి సున్నా నుంచి గ కి వెళ్లిన దూరమూ ఒకటే. నెల్లూరు నుంచి ఒంగోలుకు 115 కిలోమీటర్లు, కావలి మీదుగా 50 కి 65 కలిపినా 115 యే. కావలి దారిలోనే ఉంది కాబట్టి. అదే నెల్లూరు నుంచి దక్షిణాన గూడూరు వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి ఒంగోలు పోతే దూరం పెరుగుతుంది. దూరం పెరగలేదంటే సున్నా దారిలోనే ఉంది. ఇదీ ఒక్కటే చాలు. ఏది తీసుకున్నా విడిగానే సరిపోతుంది, జీమ్యాట్ వరసలో డీ.

ఇప్పుడు ప్రశ్నలోంచి "సున్నా కాని" అన్న రెండు మాటలు కొట్టేసి మళ్లీ చేయండి. (1) కి ఏమీ కాదు, క, గ వేర్వేరు కాబట్టి ఏదీ సున్నా కాలేదు. (2) లో మాత్రం క = 0, గ = 5 పెట్టొచ్చు: దూరం 5, కూడిక 0 + 5. వాక్యం నిజమే, కానీ సున్నా వాటి మధ్యలో లేదు, క యే సున్నా. క = −5, గ = 5 పెడితే మధ్యలో ఉంది. రెండు బొమ్మలు గీయగలిగాం, (2) చాలదు, జవాబు డీ నుంచి ఏ కి మారింది.